ఒకటో తారీఖు సొరుగు

ముందే ఒక మాట చెబుతున్నాను. ప్రభుత్వం పెట్టిన నియమం తప్పు కాదు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున మా ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ సంతోషించినదాన్ని నేనే. ఇరవై ఆరేళ్ళుగా ల్యాబ్‌లో కూర్చుని, రోగుల గాయాల నుంచి తీసిన చీమూ నెత్తురూ గాజు పళ్ళేలలో పెట్టి, వాటిలో ఏ క్రిమి పెరుగుతుందో, అది ఏ మందుకు చస్తుందో చూసి చెప్పడం నా పని. నేను చేరిన కొత్తలో మామూలు మందుకే చచ్చిన క్రిములు, రానురాను ఎంత మందు పక్కన పెట్టినా నిమ్మకు నీరెత్తినట్టు పెరుగుతూ పోయాయి. ఎందుకు పెరగవు? తుమ్మితే యాంటీబయాటిక్, దగ్గితే యాంటీబయాటిక్, రోగమేమిటో తెలియకపోతే రెండు యాంటీబయాటిక్‌లు. డాక్టర్లు రాశారు, జనం అడిగి మరీ రాయించుకున్నారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసుకుంటూ పోతే అసలు శత్రువు వచ్చిన రోజున చేతిలో ఏం మిగులుతుంది?

అందుకని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చివరి ఆసరాగా మిగిలిన నాలుగైదు మందులని ప్రతి ఆసుపత్రిలోనూ ఒక బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. ల్యాబ్ వాళ్ళు క్రిమిని పెంచి చూసి, "మామూలు మందులు దీన్ని చంపలేవు, బీరువా మందే కావాలి" అని రిపోర్టు మీద ఎర్ర ముద్ర వేస్తేనే ఆ తాళం తియ్యాలి. ముద్ర లేకుండా ఎంతటి డాక్టరైనా ఆ బీరువా జోలికి పోకూడదు. ఇంతవరకూ బంగారంలాంటి నియమం.

ఆ తర్వాత ఎవరో మహానుభావుడికి దీనికి రంగులు పుయ్యాలని తోచింది. నెలకి ఎర్ర ముద్రలు ఎనిమిదికి మించని ఆసుపత్రి ఆకుపచ్చ. ఆ పైన ఒక్కటి ఎక్కువైతే కారణం రాసుకుని గట్టెక్కవచ్చు. ఇంకా దాటితే ఎరుపు, సూపరింటెండెంటు పైవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. వరసగా పన్నెండు నెలలు ఆకుపచ్చలో ఉంటే గుర్తింపు పత్రం, కొత్త యంత్రాలు, పేపర్లో ఫోటో. నెలకి ఎనిమిదిమందినే పట్టుకోవాలని క్రిములకి కూడా ఒక కాపీ పంపి ఉంటే బాగుండేది. అది మరిచిపోయారు.

ఇక సొరుగు. అది పుట్టింది నా నోటిదూల వల్లే. మొదటి ఏడాది ఒక నెల ముప్ఫయ్యో తారీఖున, ఎనిమిది ముద్రలూ అయిపోయాక, నా బల్ల మీద ఇంకో రెండు ఎర్రవి తేలాయి. సూపరింటెండెంటు గారు ల్యాబ్‌కి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. చెడ్డ మనిషి కాదు. రోగి బాధ చూస్తే ఆయనకీ కడుపు తరుక్కుపోతుంది, కాకపోతే పై ఆఫీసు నుంచి ఫోనొస్తే అంతకంటే ఎక్కువ తరుక్కుపోతుంది.

"ఏం చేద్దామమ్మా?" అన్నారు.

"దానికేముంది సార్, ఎల్లుండి ఒకటో తారీఖే కదా. అందాకా సొరుగులో పడేస్తాను, అప్పుడు ముద్ర వేస్తాను" అన్నాను, నవ్వులాటకి అన్నట్టు.

ఆయన నా వైపు చూసిన చూపు, పెళ్ళిలో మా ఆయన కూడా చూడలేదు. ఆ ఇద్దరు రోగులకీ ఏమీ కాలేదు. మూడోనాడు మందు పడింది, లేచి ఇంటికి పోయారు. ఏమీ కాకపోవడమే మా కొంప ముంచింది. రెండు రోజులు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. నెలాఖరులో ఎర్రది తేలితే నా బల్ల అడుగు సొరుగులోకి పోవడం, వార్డు నుంచి ఎవరైనా అడిగితే "ఇంకా పెరుగుతోంది" అనడం, ఒకటో తారీఖు పొద్దున్నే ముద్ర వెయ్యడం, ఇది పద్ధతిగా స్థిరపడిపోయింది. నేల తుడిచే ఆవిడ కూడా దాన్ని ఒకటో తారీఖు సొరుగనే అనేది. తాళం చెవి నా మెడలోని గుర్తింపు కార్డు తాడుకే వేలాడేది. నమూనాలు మాకు పేర్లతో రావు, నంబర్లతో వస్తాయి. నంబరుకి మొహం ఉండదు కాబట్టి సొరుగు మూసెయ్యడం తేలిక.

ఇప్పుడు మా అత్తగారి సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆవిడ నోట నా గురించి ఒక మంచి మాట ఎరగను. కూరలో ఉప్పు ఎక్కువైతే "సముద్రంలో గాని పుట్టావుటే?" అనేది. తక్కువైతే "ఉప్పుకి కూడా కరువొచ్చిందా ఈ కొంపలో?" అనేది. సరిగ్గా ఉంటే "ఇవాళ వంట ఎవరు చేశారు?" అనేది. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి చదివినన్ని పేపర్లు ఇంకెవరూ చదివి ఉండరు.

ఆవిడకి ముక్కు కారిందంటే ఇక ఇంట్లో మాకు నిద్రాహారాలుండవు. "ఆసుపత్రిలో ఉద్యోగం వెలగబెడుతున్నావు, ఒక్క మాత్ర తెచ్చిపెట్టలేవా?" అని మొదలుపెడితే ఆపేది కాదు. ల్యాబ్ గోడ మీద "అనవసరంగా యాంటీబయాటిక్ వాడకండి, వాడితే మధ్యలో ఆపకండి" అని పెద్దక్షరాలతో పోస్టరు అంటించినదాన్ని నేను. అదే చేత్తో ఇంటికొచ్చి హ్యాండ్‌బ్యాగులోంచి మూడు మాత్రలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టేదాన్ని. ఆవిడ నోరు మూతపడితే చాలు నాకు. జలుబు తగ్గేది. అది ఎలాగూ తగ్గేదే. ఏడాదికి నాలుగైదుసార్లు, అన్నేళ్ళు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టని ఊరికే అన్నారా!

ఆ నెల మొదట్లో ఆవిడ బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయించాం. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో కిటికీ పక్క మంచం. ఆ పక్క మంచంలో ఒక టైలరమ్మ ఉండేది. ముప్ఫై నాలుగేళ్ళు, కడుపులో రాళ్ళు తీయించుకోవడానికి వచ్చింది. చేతులు ఊరికే ఉండేవి కావు. ఆపరేషన్ అయిన రెండోనాడే సంచిలోంచి సూదీ దారం తీసి, మా అత్తగారి ఆసుపత్రి గౌనుకి ఊడిపోయిన తాళ్ళన్నీ కుట్టిపెట్టింది.

"ఈ గౌను కుట్టినవాడెవడో గానీ పెద్దమ్మా, వాడికి వీపంటూ ఉందో లేదో! వెనకాల అంతా తెరిచేశాడు" అనేది. మా అత్తగారు పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను చూడడం అదే మొదలు.

నేను డ్యూటీలో ఉన్నంతసేపూ టైలరమ్మే మా అత్తగారికి మంచినీళ్ళు అందించేది, దిండు సర్దేది, వాంతి వస్తే తన పొట్ట కుట్లు పట్టుకుని లేచి బేసిను పట్టేది. మా అత్తగారు "నా బంగారు తల్లే" అని ఆ పిల్ల బుగ్గలు పుణికేది. నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు చాకిరీ చేసినా నాకు దొరకని మాట, ఆ పిల్లకి నాలుగు తాళ్ళు కుడితే దొరికింది.

ముందు మా అత్తగారి గాయం చెమ్మగిల్లి చీము పట్టింది. మూడు రోజుల తర్వాత టైలరమ్మది కూడా. ఇద్దరికీ జ్వరం మొదలైంది. మామూలు మందులు ఎక్కిస్తున్నా తగ్గడం లేదు. ఇరవై ఆరో తారీఖు పొద్దున వార్డు సిస్టరు ఒకే ట్రేలో రెండు సీసాలు పెట్టుకుని వచ్చి ఇద్దరి గాయాల నుంచీ నమూనాలు తీసింది. నేను అక్కడే ఉన్నాను.

"చూశారా పెద్దమ్మా, మీదీ నాదీ జోడీగా షికారుకెళ్తున్నాయి" అంది టైలరమ్మ.

"మా కోడలి దగ్గరికే కదా, జాగర్తగానే చూసుకుంటుందిలే" అంది మా అత్తగారు. అది మెచ్చుకోలో వెటకారమో నాకు తెలియలేదు.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున గాజు పళ్ళేలు తీసి వెలుతురులో పెట్టి చూశాను. పళ్ళెంలో పెట్టిన మందు బిళ్ళల చుట్టూ క్రిమి చచ్చిపోయి శుభ్రంగా ఒక గుండ్రటి ఖాళీ కనపడాలి. ఖాళీ లేదు. బిళ్ళ అంచు దాకా పెరిగి కూర్చుంది. ఒక్క బీరువా మందు చుట్టూ మాత్రం ఖాళీ ఉంది. రెండు పళ్ళేలూ అచ్చం కవలపిల్లల్లా ఉన్నాయి. ఒక మంచం నుంచి పక్క మంచానికి పోవడానికి క్రిమికి రైలు టికెట్టు అక్కర్లేదు. డ్రెస్సింగు బండి చాలు, బేసిను పట్టుకున్న చెయ్యి చాలు. ఎవరి నుంచి ఎవరికి పోయిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ క్షణంలో నాకు నా హ్యాండ్‌బ్యాగు గుర్తొచ్చింది.

అప్పటికి ఆ నెల ముద్రలు ఎనిమిదీ అయిపోయాయి. పైగా అది పన్నెండో నెల. పదకొండు నెలలు ఆకుపచ్చ. నేను రెండు రిపోర్టులూ రాశాను. రెండూ సొరుగులో పెట్టాను. మా అత్తగారి నంబరు నాకు తెలుసు, టైలరమ్మ నంబరూ తెలుసు. తెలిసే పెట్టాను. అసూయతో చేశానా అని తర్వాత ఎన్నిసార్లో నన్ను నేనే నిలదీసుకున్నాను. కాదు. అసూయతో చేసి ఉంటే కనీసం మనిషి చేసిన పాపంలా ఉండేది. నేను అలవాటు కొద్దీ చేశాను. సూపరింటెండెంటు గారు ఊళ్ళో లేరు, రాగానే మాట్లాడదామనుకున్నాను.

మర్నాటికి మా అత్తగారికి మాట తడబడింది. నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే పోల్చుకోలేదు. తిన్నగా సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను.

"సార్, సొరుగులో రెండున్నాయి" అన్నాను.

"రాగానే విన్నానమ్మా. ఇంకో మూడు రోజులు ఓపిక పట్టు, మన పంట పండినట్టే."

"వాటిలో ఒకటి మా అత్తగారిది సార్."

ఆయన రాస్తున్నది ఆపారు. "అయ్యయ్యో! ముందే చెప్పొద్దుటమ్మా? మన మనిషి కదా!" కళ్ళద్దాలు తీసి తుడిచారు. "తొమ్మిదోదానికి ఏదో కారణం రాయొచ్చు, ప్రత్యేక పరిస్థితి అనో ఏదో. పదోదైతే వాళ్ళు వింటారా? నువ్వే చెప్పు. సరే, మీ అత్తగారిది పట్టుకెళ్ళు. పాపం, పెద్ద ప్రాణం."

"మరి రెండోది సార్?" ఇంతే అడగాల్సింది. మూడు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. అడిగితే ఉన్నది కూడా వద్దంటారేమోనని భయం వేసింది. టైలరమ్మ చిన్నది, గట్టి పిండం, జ్వరం అంత ఎక్కువ కూడా లేదు, మూడు రోజులు తట్టుకుంటుంది, ఇదివరకు అందరూ తట్టుకున్నారు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. "థాంక్స్ సార్" అని బయటికొచ్చాను.

సొరుగు తీశాను. ల్యాబ్‌లో తేమకి రెండు కాగితాలూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గోటితో విడదీశాను. ఒకటి పైకి తీసి, రెండోదాన్ని లోపలికి తోసి, తాళం వేశాను. ముద్ర వేసి నేనే వార్డుకి పట్టుకుపోయాను. అరగంటలో బీరువా తెరిచారు, మా అత్తగారి చేతికి మందు ఎక్కింది.

పక్క మంచంలోంచి టైలరమ్మ తలెత్తి చూసింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "పెద్దమ్మ రిపోర్టు వచ్చేసిందా అక్కా? హమ్మయ్య! మరి నాది?"

"ఇంకా పెరుగుతోందమ్మా" అన్నాను.

"నేనేమో తొందర మనిషిని, నా క్రిమి చూస్తే ఇంత బద్ధకస్తురాలు" అని నవ్వింది.

ముప్ఫయ్యో తారీఖున ఆమె భర్త ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఇళ్ళకి రంగులు వేసే మనిషి. గోళ్ళలో తెల్ల రంగు ఇంకా పోలేదు. కిటికీకి ఒక అడుగు దూరంలోనే నిలబడ్డాడు, ఆసుపత్రి గోడకి మరక అంటుతుందేమో అన్నట్టు.

"తొందరపెట్టడానికి రాలేదమ్మా. మా ఆవిడ రిపోర్టు సంగతి కనుక్కుందామని."

"ఇంకా పెరుగుతోంది."

"పెద్దమ్మగారి కోడలు మీరేనటగా. మా ఆవిడ చెప్పింది. తెలిసినవాళ్ళు లోపల ఉన్నారంటే అదో ధైర్యం. మీరు చూసుకుంటారు" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ పూట అన్నం డబ్బా మూత తియ్యలేదు.

ముప్ఫై ఒకటో తారీఖు పొద్దున మా అత్తగారికి జ్వరం దిగింది. నేను వెళ్ళేసరికి లేచి కూర్చుని కాఫీ తాగుతోంది. "ఇది కాఫీయా, గిన్నెలు కడిగిన నీళ్ళా?" అంది. ఇక ఈవిడకి ఢోకా లేదనుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. పక్కకి తిరిగితే టైలరమ్మ రెండు దుప్పట్ల కింద వణుకుతోంది. నన్ను చూసింది గానీ ఏమీ అడగలేదు. మధ్యాహ్నానికి రక్తపోటు పడిపోయిందని ఐసీయూకి మార్చారు.

వార్డు సిస్టరు నా దగ్గరికి తనే వచ్చింది. ఆవిడకీ సొరుగు సంగతి తెలుసు, అందరికీ తెలుసు. "మేడమ్, ఆ పిల్ల రిపోర్టు ఇచ్చెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"సార్‌ని అడగాలి కదా సిస్టర్."

"తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

ఆవిడ నా మెడలో వేలాడుతున్న తాళం చెవి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది. చెంప మీద కొట్టినా బాగుండేది. నేను సూపరింటెండెంటు గారికి ఫోన్ చేశాను.

"అయ్యో, ఇప్పుడేగా అమ్మా నెల లెక్క పంపించాను! తొమ్మిదని సంతకం పెట్టి మరీ పంపించాను. ఇప్పుడు మళ్ళీ పదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? రేపు పొద్దున రాగానే మొదటి పని అదే చెయ్యి. ఒక్క పూటే కదా."

"సరే సార్" అన్నాను.

ఆ "సరే సార్" అన్న నోరు ఉంది చూశారూ, దాన్ని ఏం చేసినా పాపం లేదు. ముద్ర నా బల్ల మీదే ఉంది. తాళం చెవి నా మెడలోనే ఉంది. ఐసీయూ మెట్లెక్కితే రెండు నిమిషాలు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆయన నన్ను మహా అయితే ఏం చేసేవారు? బదిలీ చేయించేవారు. తిట్టేవారు. అత్తగారి తిట్లకి ఇరవై రెండేళ్ళు తట్టుకున్నదాన్ని, ఆయన తిట్లు నాకొక లెక్కా? అయినా చెయ్యలేదు.

ఒకటో తారీఖు పొద్దున ఏడున్నరకే ల్యాబ్ తెరిచాను. ముద్ర వేశాను, తారీఖు వేశాను. తారీఖు సరైనదే. ఆ కాగితంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. పరిగెత్తుకుంటూ పట్టుకెళ్ళాను. ఎనిమిదింపావుకి బీరువా తెరిచారు, ఎనిమిదిన్నరకి మందు మొదలుపెట్టారు. పదకొండు గంటలకి టైలరమ్మ పోయింది. సీసాలో మందు ఇంకా సగం ఉంది.

ఐసీయూ డాక్టరు కుర్రవాడు, కొత్తగా చేరాడు, సొరుగు గురించి తెలియదు. "రెండు రోజుల ముందు వచ్చుంటే బతికేది మేడమ్. ఈ క్రిములు నెమ్మదిగా పెరగడమే మన ప్రాణం మీదికొస్తోంది" అన్నాడు.

వరండాలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు. చేతిలో ఆమె సంచి, దాని పక్క జేబులోంచి దారం ఉండ సగం బయటికి వచ్చి ఉంది. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలనీ కోరుకున్నాను.

"సిస్టర్ గారు చెప్పారమ్మా, పొద్దున్నే మీరే పరిగెత్తుకుంటూ తెచ్చారట" అన్నాడు. "మీరు చెయ్యగలిగిందంతా చేశారు. మా రాత అలా ఉంది." దండం పెట్టాడు.

సిస్టరు ఆ మాట ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. నాకు అంతకంటే పెద్ద శిక్ష ఆవిడకి దొరకలేదు.

మరుసటి నెలలో గుర్తింపు పత్రం వచ్చింది. సమావేశం పెట్టారు. యాంటీబయాటిక్ వాడకాన్ని అదుపులో పెట్టడంలో మా ఆసుపత్రి అందరికీ ఆదర్శమని పైనుంచి వచ్చిన పెద్దమనిషి గంటసేపు ప్రసంగించాడు. ల్యాబ్ సేవలకి నాకొక గాజు బొమ్మ ఇచ్చారు. వేదిక దిగి వచ్చాక సూపరింటెండెంటు గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"ఆ అమ్మాయి విషయం తలుచుకుంటే నాకు మనసు మనసులో లేదమ్మా. ఆ రోజు నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే రెండూ పట్టుకుపొమ్మనేవాణ్ణి కదా!"

అది నిజమో, ఇప్పుడు తన ఒంటికి అంటుకోకుండా దులుపుకోవడమో నేను చచ్చేదాకా నాకు తెలియదు. ఆయనకీ తెలియదేమో.

ఊరుకోలేక పై ఆఫీసుకి ఒక ఉత్తరం రాశాను. సొరుగు సంగతంతా రాశాను, సంతకం మాత్రం చెయ్యలేదు. సంతకం చేసే దమ్ము ఉంటే ఆ మధ్యాహ్నమే ఉండేది. నెల తిరిగేసరికి ఆ ఉత్తరం "తగు చర్య నిమిత్తం" అని సూపరింటెండెంటు గారికే తిరిగొచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని ల్యాబ్‌కి వచ్చారు. ఎవరు రాశారని అడగలేదు. "ఎక్కడైనా భద్రంగా పెట్టమ్మా" అని నా చేతికిచ్చారు. నేను తాళం తీసి సొరుగులో పెట్టాను.

ఇంట్లో మా అత్తగారు నాలుగు కాళ్ళ చేతికర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. చూడ్డానికి ఎవరొచ్చినా ఒకటే పాట. "మా కోడలే లేకపోతే నేను ఈపాటికి గోడ మీద ఫోటోనయ్యేదాన్ని. రిపోర్టు తనే రాసి, తనే ముద్ర వేసి, తనే పట్టుకొచ్చింది. కూతుళ్ళు ఎందుకు, ఇలాంటి కోడలు ఒక్కతి చాలదూ! ఆ పక్క మంచం పిల్లకి లోపల ఇలాంటి మనిషి ఒకరు లేకపోయారు, పాపం." ఇరవై రెండేళ్ళు ఏ మాట కోసం చెవులు కాయలు కాచేలా ఎదురు చూశానో ఆ మాట రోజుకి నాలుగుసార్లు వినాల్సి వచ్చింది. విన్న ప్రతిసారీ వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడేదాన్ని.

ఒక సాయంత్రం వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఆవిడ ఆసుపత్రి సంచి సర్దుతోంది. అందులో ఆ గౌను బయటపడింది. ఎలా వచ్చిందో మాతో వచ్చేసింది. టైలరమ్మ కుట్టిన తాళ్ళని వేళ్ళతో తడుముతూ, "ఏమే, ఆ పిల్ల రిపోర్టు ఎప్పుడొచ్చింది?" అంది.

"ఒకటో తారీఖున."

"మరి నాది?"

"ఇరవై తొమ్మిదిన."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఇద్దరివీ ఒకే ట్రేలో కదే తీసుకెళ్ళారు. జోడీగా షికారుకెళ్తున్నాయంది. నాకు ఒంట్లో బాగాలేదు గానీ మతి పోలేదే అప్పటికి."

అబద్ధం చెప్పడానికి నాకు రెండు మాటలు చాలు. వాటిలో ఆరితేరినదాన్ని. కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ "ఇంకా పెరుగుతోంది" అనలేకపోయాను. నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. బీరువా, ముద్రలు, ఎనిమిది, తొమ్మిది, సొరుగు, నేను అడగని మూడు మాటలు. హ్యాండ్‌బ్యాగులో తెచ్చిన మాత్రల సంగతి కూడా చెప్పాను. క్రిమి ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయి ఉంటుందో చెప్పాను. అప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచి అడిగింది. "నా కాగితం పైకి తీసినప్పుడు పక్కది నీ చేతికి తగల్లేదుటే?"

"తగిలింది అత్తయ్యా" అన్నాను. "అతుక్కుని ఉంటే నేనే గోటితో విడదీశాను."

ఆవిడ గౌను మడత పెట్టి దిండు కింద పెట్టుకుంది. ఛీ అనలేదు, పో అనలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు నుంచి చుట్టాలొస్తే నా గురించి ఒక్క మాట చెప్పదు. నన్నూ ఒక్క మాట అనదు. కాఫీ చల్లారిపోయినా తాగేస్తుంది. ముక్కు కారితే కొంగుతో తుడుచుకుంటుంది, మాత్ర అడగదు. మొన్న కావాలనే కూరలో ఉప్పు పూర్తిగా మానేశాను. సముద్రమనో కరువనో ఏదో ఒకటి అంటుందని, తిట్టయినా తిడుతుందని ఎదురుగా కూర్చున్నాను. అడుగంటా తినేసి, చెయ్యి కడుక్కుని, కర్ర టకటకలాడించుకుంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన పేపరు దించి, "ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! మీ అత్తాకోడళ్ళకి సఖ్యత కుదిరింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నాడు.